మిలిటరీ ఆసుపత్రి డైట్ కిచెన్ నుంచి డైటీషియన్ చదువుకు: పెన్షన్ మీద వచ్చాక ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: డైట్ కిచెన్ నాయక్

అందరికీ నమస్కారం. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో చెఫ్ ట్రేడ్‌లో నాయక్‌గా పనిచేస్తున్నాను. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఇంటర్మీడియట్ బైపీసీ పాసైన మరుసటి ఏడు, అంటే 2007లో, సైన్యంలో చేరాను. లక్నోలో ట్రైనింగ్ ముగిసినప్పటి నుంచి నా సర్వీసులో ఎక్కువ భాగం మిలిటరీ ఆసుపత్రుల డైట్ కిచెన్‌లలోనే గడిచింది. నడుమ రెండేళ్లు మాత్రం తొమ్మిది వేల అడుగుల పైన ఉన్న ఒక ఫీల్డ్ యూనిట్‌లో వండాను. వచ్చే ఏడాది పెన్షన్ మీద ఇంటికి వస్తున్నాను. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు నిండుతాయి.

ఇంటికి వచ్చాక ఏదైనా బ్యాంకులో గార్డుగా చేరమని బంధువులు చెబుతున్నారు. ఆ ఉద్యోగం మీద నాకు చిన్నచూపు లేదు, కానీ నాకు డైటీషియన్ చదువు చదవాలని ఉంది. అందుకు కారణం చెబుతాను.

మా కిచెన్‌కు రోజూ ఉదయం వార్డుల నుంచి డైట్ షీట్లు వస్తాయి. ఒకసారి ఒకే వార్డులో పక్కపక్కనే ఉన్న ఇద్దరు కిడ్నీ రోగులలో పద్నాలుగో బెడ్‌కు గుడ్డు పూర్తిగా ఆపేయమని, పదిహేనో బెడ్‌కు రోజూ రెండు తెల్లసొనలు అదనంగా ఇవ్వమని రాసి ఉంది. పొరపాటు జరిగిందేమోనని అడిగితే, రాసినట్టు చేయమన్నారు. చేశాను. అలాగే కిడ్నీ రోగుల కూరకు బంగాళాదుంపలను ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు కూడా వార్చేయాలని మా ఉస్తాద్ నేర్పారు. ఏళ్ల తరబడి అలాగే చేశాను. ఒకనాడు కొత్తగా వచ్చిన డైటీషియన్ మేడమ్ కిచెన్‌లోకి వచ్చి, దుంపలోని పొటాషియం నీళ్లలోకి దిగిపోవడానికే ఇదంతా చేస్తామని, పాడైన కిడ్నీ ఆ పొటాషియాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుందని చెప్పారు. ఆ మాట విన్నప్పుడు నా చేతిలో వార్చే గిన్నె ఉంది. అన్నేళ్లుగా నేను చేస్తున్న పని ఒక మనిషి గుండెకు సంబంధించినదని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. అప్పటి నుంచి ఈ కోరిక నన్ను వదలడం లేదు.

పదిహేనేళ్ల సర్వీసు మీద ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్‌తో నేరుగా పీజీలో చేరవచ్చని మా యూనిట్‌లో కొందరు అంటున్నారు, అది నిజమేనా? సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ మొదలుపెట్టవచ్చా? ఈ చదువు ఆడవాళ్ల కాలేజీల్లోనే ఉంటుందని విన్నాను, మగవాళ్లను, పైగా ఈ వయసులో, చేర్చుకుంటారా? మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంటి బాధ్యత ఉన్నవాడు ఐదారేళ్లు చదువుకు పెట్టడం సబబేనా అన్నది కూడా తెలిసినవారు నిర్మొహమాటంగా చెప్పాలని కోరుతున్నాను.

జవాబు: రిటైర్డ్ హవల్దార్ క్లర్క్, విజయనగరం

తమ్ముడూ, జైహింద్. మీ ప్రశ్నల్లో గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ సంగతి ముందుగా తేల్చాలి, ఎందుకంటే దాన్ని నమ్ముకుని ఒక ఏడాది పోగొట్టుకున్నవారిని నేను దగ్గరగా చూశాను. ఆ పత్రానికి మూలం కేంద్ర సిబ్బంది శాఖ 1986 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వు. పదో తరగతి గానీ సైన్యంలోని దానికి సమానమైన పరీక్ష గానీ పాసై, పదిహేనేళ్లు సర్వీసు చేసిన మాజీ సైనికుడిని, ఏదైనా డిగ్రీ ఉంటే చాలనే గ్రూప్ సి ఉద్యోగాలకు అర్హుడిగా పరిగణించవచ్చని ఆ ఉత్తర్వు చెబుతుంది. అంటే అది ఉద్యోగానికి ఇచ్చిన వెసులుబాటే గాని విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా కాదు. దానితో ఎమ్మెస్సీ న్యూట్రిషన్‌లో చేరడం కుదరదు, ఫలానా సబ్జెక్టులో బీఎస్సీ కావాలని ప్రకటనలో పేరు పెట్టి అడిగిన డైటీషియన్ పోస్టుకూ అది పనికిరాదు. మీరు ఇంటర్ మెమోతో డిగ్రీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టవలసిందే.

ఇక డబ్బు సంగతి. రక్షణ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ సర్వీసు చివరి దశలో ఇప్పించే కోర్సులకు జవాన్ల ఫీజును ప్రభుత్వమే భరిస్తుంది, అయితే అవి సర్టిఫికెట్ కోర్సులే గాని డిగ్రీలు కావు. వాటిలో ఆహార భద్రతకు గానీ, ఆసుపత్రి నిర్వహణకు గానీ సంబంధించినది దొరికితే వదులుకోకండి, రేపు చదువుకుంటూ ఏదైనా క్యాంటీన్‌లో పనిచేయవలసి వస్తే అక్కరకు వస్తుంది. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం మాజీ సైనికుల పిల్లలకూ, వితంతువులకూ వర్తిస్తుంది, మాజీ సైనికుడి సొంత చదువుకు వర్తించదు. మీ అమ్మాయి వృత్తివిద్యా డిగ్రీలో చేరినప్పుడు దరఖాస్తు పెట్టండి, ఆడపిల్లలకు నెలకు 3,000 రూపాయలు ఇస్తున్నారు. దేశం కోసం పదిహేను, ఇరవై ఏళ్లు ఇచ్చినవాడు తిరిగి వచ్చి తానే చదువుకుంటానంటే ఆదుకునే పథకం మనకు లేకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇంకొక మాట. ఇంటర్ మెమో, టీసీ అసలు కాగితాలు ఇంట్లో ఉన్నాయో లేవో ఈ సెలవులోనే చూసుకోండి. పోయి ఉంటే డూప్లికేటు తెచ్చుకోవడానికి సమయం పడుతుంది. ఇన్నేళ్లు ఏం చేశారని కాలేజీలో అడిగితే డిశ్చార్జ్ బుక్కే మీ జవాబు.

జవాబు: పోషకాహార అధ్యాపకురాలు, హైదరాబాద్

నాయక్ గారికి నమస్కారం. ముందుగా మీ పద్నాలుగు, పదిహేను బెడ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు అడిగిన చదువు ఏమిటో అందులోనే ఉంది. మనం తిన్న ప్రోటీన్ శరీరంలో విరిగినప్పుడు యూరియా వంటి వ్యర్థాలు తయారవుతాయి, వాటిని బయటికి పంపవలసింది కిడ్నీ. కిడ్నీ దెబ్బతిని, ఇంకా డయాలిసిస్ మొదలుకాని రోగికి ఆ భారం తగ్గించడానికి ప్రోటీన్ తగ్గిస్తారు. మీ పద్నాలుగో బెడ్ రోగి అటువంటివారై ఉండాలి. డయాలిసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. యంత్రం వ్యర్థాలతో పాటు ప్రోటీన్ విరిగితే వచ్చే అమైనో ఆమ్లాలను కూడా రక్తంలోంచి తీసేస్తుంది కాబట్టి, ఆ రోగికి కిలో బరువుకు రోజుకు 1.0 నుంచి 1.2 గ్రాముల వరకు ప్రోటీన్ అందాలి, లేకపోతే కండ కరిగిపోతుంది. తెల్లసొన మాత్రమే ఎందుకంటే, పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ, అది కూడా ఈ రోగుల శరీరంలో పేరుకుపోయేదే. ఒకే జబ్బు పేరు, ఒకే వార్డు, ఒకే వంటశాల, అయినా రెండు పళ్లేలు వేరు. ఆ తేడాను రోగి రక్తపరీక్ష చూసి నిర్ణయించగలగడమే డైటీషియన్ పని.

అందువల్ల మీ అనుభవం ఎంత విలువైనదో, అది ఎక్కడ ఆగిపోతుందో రెండూ సూటిగా చెప్పాలి. నా విద్యార్థులలో చాలామందికి నూరు మందికి ఉప్పు లేని పప్పు రుచిగా వండడం రాదు, కాగితం మీద రాసిన ఆహారం పళ్లెంలోకి ఎలా వస్తుందో తెలియదు. మీకు అది చేతికి తెలుసు. అయితే బయోకెమిస్ట్రీ, శరీరధర్మ శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం మీ చేతికి తెలియవు, వాటికి వంటశాల అనుభవం మినహాయింపు ఇవ్వదు. ఇరవై ఏళ్ల విరామం తరువాత కెమిస్ట్రీ కష్టంగానే ఉంటుంది. ఇంటర్ రెండవ సంవత్సరం ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం ఇప్పుడే తెప్పించుకుని, రోజుకు రెండు పేజీలైనా చదవండి.

దూరవిద్య ఆలోచన మానుకోండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం డైటీషియన్‌ను, న్యూట్రిషనిస్టును ఆరోగ్య వృత్తులుగా గుర్తించింది. ఆ చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపరాదని యూజీసీ 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి నిషేధించింది. ఆహార పోషక శాస్త్రం, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్ ఆ జాబితాలో ఉన్నాయి. పాత వీడియోలు చూసి ఎవరైనా మీకు దూరవిద్య పట్టా ఇప్పిస్తామంటే ఫీజు కట్టకండి. నా మట్టుకు ఈ నిషేధం సరైనదే. రోగి మంచం పక్కన నిలబడకుండా ఈ విద్య రాదు. సర్వీసులో ఉన్నవారికి మాత్రం ఇది పెద్ద దెబ్బ, ఆ సంగతి కాదనను.

మగవారి ప్రవేశం గురించి మీరు విన్నదాంట్లో నిజం ఉంది. ఈ శాస్త్రం మన దగ్గర హోమ్ సైన్స్ పేరుతో ఆడపిల్లల చదువుగా మొదలైంది కాబట్టి, మంచి విభాగాలు కొన్ని మహిళా కళాశాలల్లోనే ఉన్నాయి. తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పేరులోనే ఆ సంగతి ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల కమ్యూనిటీ సైన్స్ (హోమ్ సైన్స్‌కు కొత్త పేరు) డిగ్రీలకు వయోపరిమితి ఉంటుంది కాబట్టి ఆ దారి మీకు మూసుకున్నట్టే. మిగిలింది సహవిద్య ఉన్న డిగ్రీ కళాశాలలు. న్యూట్రిషన్ ఒక సబ్జెక్టుగా ఉన్న బీఎస్సీ మీ జిల్లాకు దగ్గరలో ఎక్కడ ఉందో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల జాబితాలో వెతకండి, తెలంగాణకు వచ్చేటట్లయితే అక్కడి ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల విధానమైన దోస్త్‌లో చూడండి. బీఎస్సీ తరువాత పీజీ, ఆపైన ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. అప్పుడే ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష గురించి ఆలోచించవచ్చు.

పీజీకి మీరు గురిపెట్టవలసిన చోటు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది, ప్రవేశపరీక్ష రాయాలి, స్త్రీ పురుషులిద్దరూ చేరవచ్చు. ఆ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద విచారణగా ఒక చిన్న గదిలో మొదలైంది, 1958లో హైదరాబాదుకు వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన రాబర్ట్ మెక్‌కారిసన్ ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన సైనిక వైద్యుడు. మీవంటివారు ఆ గేటు లోపలికి విద్యార్థిగా వెళితే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

జవాబు: మాజీ నర్సింగ్ అసిస్టెంట్, ఇప్పుడు డైటీషియన్, విజయవాడ

అన్నా, మీరు వెళ్లాలనుకుంటున్న దారిలో నేను నడిచాను కాబట్టి రాస్తున్నాను. నేను కూడా ఆర్మీ మెడికల్ కోర్‌వాడినే, నర్సింగ్ అసిస్టెంట్‌గా పదిహేడేళ్లు చేసి 2014లో పెన్షన్ మీద వచ్చాను.

మొదట నేను తప్పుదారి పట్టాను. ఆరు నెలల్లో ఆన్‌లైన్‌లో సర్టిఫైడ్ డైటీషియన్ చేస్తామన్న ఒక సంస్థకు, ఇంటికి తెచ్చిన డబ్బులోంచి నలభై ఐదు వేలు కట్టాను. రంగుల సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని పట్టుకుని ఒక ఆసుపత్రికి వెళితే అక్కడి సీనియర్ డైటీషియన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఇందులో ఇంటర్న్‌షిప్ ఏది?' అని ఒక్క మాట అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ మరుసటి జూన్‌లో బీఎస్సీ మొదటి సంవత్సరంలో చేరాను. తరగతిలో నా పక్కన కూర్చున్న అబ్బాయి నా కొడుకు కంటే రెండేళ్లు పెద్ద. మొదటి వారం లెక్చరర్లు నన్ను ఎవరి తండ్రో అనుకుని బయట కూర్చోమన్నారు. ఆ ఇబ్బంది నెల రోజుల్లో పోతుంది. మొదటి సెమిస్టర్ కెమిస్ట్రీలో తప్పినప్పుడు కలిగిన బాధ మాత్రం చాలా రోజులు ఉంది. ఆ పేపరును రెండోసారి పాసయ్యాను.

పెన్షన్ ఉండబట్టి చదవగలిగాను. మా ఇంటావిడ టైలరింగ్ మొదలుపెట్టింది, పిల్లల ఫీజులు దాంతో గడిచాయి. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు పట్టింది. మొదటి ఉద్యోగంలో జీతం నా పెన్షన్ కంటే తక్కువ. డబ్బే లెక్క అయితే గార్డు ఉద్యోగం మొదటి రోజు నుంచే మిమ్మల్ని ముందుంచుతుంది, ఇది మీ ఇంట్లో అందరూ కూర్చుని ఒప్పుకోవలసిన సంగతి. ప్రైవేటు ఆసుపత్రులే కాకుండా రైల్వేలో డైటీషియన్ పోస్టులు ఉంటాయి, వేతన శ్రేణుల్లో ఏడవ లెవెల్‌లో మూలవేతనం 44,900 రూపాయలు. బీఎస్సీతో పాటు డైటెటిక్స్‌లో ఏడాది పీజీ డిప్లొమా, ఆసుపత్రిలో మూడు నెలల ఇంటర్న్‌షిప్ ఉన్నవారు కూడా దానికి అర్హులే. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. వయసు గురించి బెంగపడకండి: మాజీ సైనికుడి వయసులోంచి సర్వీసు చేసిన ఏళ్లను తీసేసి, ఆపైన మరో మూడేళ్ల సడలింపు ఇస్తారు. నలభై నాలుగేళ్లప్పుడు దరఖాస్తు పెట్టినా, పంతొమ్మిదేళ్ల సర్వీసు తీసేస్తే లెక్కకు మీరు ఇరవై ఐదేళ్లవారు.

ఇంటర్న్‌షిప్‌లో నాకు ఉపయోగపడిన సైన్యపు అలవాటు ఒకటి ఉంది. వార్డు నుంచి తిరిగి వచ్చే పళ్లేలను చూసేవాడిని. డైట్ చార్టులో 1,800 కేలరీలు అని రాసి ఉంటే, రోగి సగం అన్నం వదిలేసినప్పుడు అతని కడుపులోకి 1,800 వెళ్లలేదు కదా. మిగతా ఇంటర్న్‌లు ఫైలు చూసి రాసేవారు, నేను పళ్లెం చూసి రాసేవాడిని. ఎత్తైన పోస్టుల్లో ఆకలి చచ్చిపోయి జవాన్లు రేషన్ వదిలేయడం మీరూ చూసే ఉంటారు. అక్కడ వాళ్లు ఏం తినేవారో, ఏం వదిలేసేవారో మీకు గుర్తున్నంత వరకు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. పీజీలో ప్రాజెక్టు అంశం కోసం వెతుక్కోనక్కర్లేదు.

పోషకాహార అధ్యాపకురాలు

విజయవాడ సోదరుడు చెప్పిన మాటకు ఒకటి కలుపుతాను. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో 528 పదార్థాల పోషక విలువలు ఉన్నాయి. అవి సంపాదించి, నాయక్ గారు తమ కిచెన్‌లో ఒక రోజు ఒక రోగికి వెళ్లిన ఆహారంలో ప్రోటీన్ ఎంతో లెక్కవేసి చూడాలి. మీకు ఈ చదువు పడుతుందో లేదో ఏ సలహా కంటే అదే బాగా చెబుతుంది.

డైట్ కిచెన్ నాయక్ (మూడు వారాల తరువాత)

మీ అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో మాట్లాడాను. డిగ్రీలో చేరడానికి నా భార్య ఒప్పుకుంది, అయితే అమ్మాయి పదో తరగతి అయ్యేదాకా ఒంగోలు విడిచి వెళ్లకూడదని షరతు పెట్టింది, కాబట్టి ఒంగోలులో గానీ బస్సులో రోజూ వెళ్లి రాగలిగిన దూరంలో గానీ కాలేజీ చూస్తున్నాను. కెమిస్ట్రీ పుస్తకం వచ్చింది.

మేడమ్, మీరు చెప్పిన లెక్క వేశాను. రోజుకు అరవై గ్రాముల ప్రోటీన్ రాసిన రోగికి నా లెక్కలో నూటపది దాటింది, అంత వెళ్లే అవకాశం లేదని నాకు తెలుసు, తప్పు ఎక్కడుందో తెలియడం లేదు. ఉదాహరణకు మధ్యాహ్నం కందిపప్పు నూటయాభై గ్రాములు తూచి పెట్టాను. పట్టికలో నూరు గ్రాములకు సుమారు ఇరవై రెండు గ్రాముల ప్రోటీన్ ఉంది, కాబట్టి ముప్పై మూడు అని రాసుకున్నాను.

పోషకాహార అధ్యాపకురాలు

నాయక్ గారూ, అంత వెళ్లే అవకాశం లేదని మీకు అనుమానం వచ్చింది చూడండి, అది మీ అనుభవం. పట్టికలో ఉన్నది పచ్చి పప్పు విలువ. మీరు తూచింది నీళ్లతో కలిసి ఉడికిన పప్పు. ఆ పూట డేగిసాలో ఎన్ని కిలోల పచ్చి పప్పు పోశారో, అది ఎంతమందికి వడ్డించారో మీ స్టోర్ రిజిస్టరులో ఉంటుంది. నాలుగు కిలోల పప్పు నూరు మందికి వడ్డించి ఉంటే మనిషికి నలభై గ్రాములు, అంటే ప్రోటీన్ తొమ్మిది గ్రాముల లోపే. అన్నానికీ ఇదే పద్ధతి, పచ్చి బియ్యంతో లెక్కించండి. గుడ్డుకు మాత్రం పెంకు బరువు తీసేయాలి. మళ్లీ వేసి ఇక్కడే పెట్టండి, చూస్తాను.